హిందూపురంలో దిగుదామా

పెనుకొండ దాటిన ప్యాసింజరు రైల్లో, అతని రక్త క్యాన్సరుకు వైద్యం కోసం బెంగళూరు ఆసుపత్రికి పోతున్న కొత్త జంట కిటికీ పక్కన కూర్చుంది.

"బావా, చెయ్యి చాపు."

"ఏందిది, తాయెత్తా?"

"నువ్వు పుట్టినప్పుడు రాలిన బొడ్డు. అత్త ఇన్నేండ్లూ దీంట్లోనే దాచిందంట. డాక్టరు బొడ్డుతాడు కావాలన్నాడని పెట్టెంతా ఎతికి తెచ్చినా."

అతను పగలబడి నవ్వాడు. ఎప్పుడూ ఆ నవ్వుకు మురిసిపోయే ఆమెకు ఈసారి భయమేసింది.

"ఇది ఎండు వక్క మాదిరుండాది కదమ్మే. వాళ్లకు కావాల్సింది అప్పుడే పుట్టిన బిడ్డ బొడ్డుతాడులోని రక్తం. ఎవురో దానమిచ్చింది."

"దొరకదా?"

"దొరుకుతాదంట. పిల్లోళ్లకైతే బాగా పని చేసిందంట. పెద్దోళ్లకు ఒక బిడ్డది చాలక, ఇద్దరివి ఎక్కిచ్చి చూస్తాండారంట. ఇంకా పరిశోధనలోనే ఉండాది."

"ఎక్కిచ్చుకున్న పెద్దోళ్లు ఎట్లుండారంట?"

"కొందరు బాగుండారు."

"మిగతావాళ్లు?"

అతను పై అరలోని సంచి కిందికి దించాడు.

"హిందూపురంలో దిగి ఎనక్కి పోదామా? ఉన్నన్ని దినాలు ఇంట్లో నవ్వుకుంటా ఉందాం."

"ఎక్కిచ్చుకోకపోతే?"

"ఈ ఏడు దాటదన్నాడు డాక్టరు."

"నాకు చెప్పలేదే."

"ఆ పొద్దు నువ్వు కనకాంబరాలు కట్టుకుంటా పాడుతాండావు. ఎట్ల చెప్పేది?"

రైలు హిందూపురంలో ఆగింది. అతను సంచి తీసుకుని లేచాడు. ఆమె కదల్లేదు.

"నీకు భయం లేదా?"

"కాళ్లు వణుకుతాండాయి, అందుకే లేయలేదు. ఈడ దిగినా ఇదే భయం కదా బావా. అదేదో ఆసుపత్రిలోనే పడదాం. కూచో."

గార్డు ఈల వేశాడు. అతను ఇంకా నిలబడే ఉన్నాడు. రైలు కదిలిన కుదుపుకు వచ్చి ఆమె పక్కనే కూలబడ్డాడు. బెంగళూరు వచ్చేదాకా మళ్లీ లేవలేదు.