ముప్పై ఒక్కరు రాసిన అర్థం

"ఇంకోసారి అడుగుతున్నాను మాస్టారూ. మీరూ, టైపిస్టూ కాక ఆ పేపరు ఇంకెవరు చూశారు?"

"ఇంకోసారి చెబుతున్నాను సార్. ఎవరూ చూడలేదు. నేను చేత్తో రాసిచ్చాను, ఆ అమ్మాయి టైపు కొట్టింది. నేనైతే ఎవరికీ చెప్పలేదు. ఇక మిగిలిందెవరో మీరే చూసుకోండి."

పరీక్షల ఆఫీసులో తలుపు వేసిన గది. గుమాస్తా ఉద్యోగాల పరీక్షకి ఇంగ్లీషు పేపరు తయారుచేసిన మాస్టారు బల్లకి ఈ పక్క, విచారణాధికారి ఆ పక్క. మాస్టారి భార్య బయట బెంచీ మీద ఉంది.

"ఆ టైపిస్టు నాలుగు రోజులుగా స్టేషన్లో ఉంది. పేపరు బయటపెట్టింది తనేనని ఒప్పుకుంటూ నిన్న సంతకం పెట్టేసింది."

"మరింకేం సార్?"

"సాయంత్రం కోర్టుకి పంపేస్తాం. ఈలోగా నాకో అనుమానం. మీరిచ్చిన పదిహేను మాటల్లోనూ ఓ, యూ, జీ, హెచ్ ఉన్నాయి. ఎందుకలా?"

"ఆ నాలుగక్షరాలూ ఒక్కో మాటలో ఒక్కోలా పలుకుతాయి సార్. టఫ్ అంటాం, డో అంటాం, బౌ అంటాం. వాటికి మన భాషలో అర్థం రాయాలి. బట్టీ పట్టినవాడు అక్కడే బోల్తా పడతాడు."

"ఒక సెంటర్లో ముప్పై ఒక్కమంది పడలేదు. 'థరో'కి మీ జవాబుల కాగితంలో ఏముంది?"

"క్షుణ్ణమైన."

"వాళ్ళందరూ 'అడుగంటా' అని రాశారు. 'డ్రౌట్'కి మీరు అనావృష్టి అన్నారు. వాళ్ళు 'నోరెండిన ఏడు' అన్నారు. టైపిస్టు చూసింది మీ జవాబుల కాగితం. బయటపెట్టింది ఆమే అయితే మీ మాటలే రావాలిగా?"

"పిల్లలు ఏదో ఒకటి రాస్తారు సార్."

"ముప్పై ఒక్కమందికీ ఒకే 'ఏదో ఒకటా'?"

"నాకు తెలీదు."

"అయితే మీ ఆవిణ్ణి పిలుస్తాను."

"దానికేం తెలుసు సార్? ఐదో తరగతి చదువు. స్కూలు సంచులు కుట్టే షెడ్డుకి వెళ్ళొస్తుంది. పైగా ఒంట్లో కూడా..."

"బాగానే ఉంది. ఇందాక మా బంట్రోతు చొక్కాకి గుండీ కుట్టిపెట్టింది. రండమ్మా, కూర్చోండి."

"నిలబడతాను బాబూ. ఏమండీ, ముఖమేంటి అలా పాలిపోయింది? మంచినీళ్ళైనా తాగారా?"

"నువ్వు మాట్లాడకు."

"అమ్మా, మాస్టారు ఇంగ్లీషు బాగా చెబుతారా?"

"అదేం మాట బాబూ, నాలాంటి మొద్దు బుర్రకే ఎక్కించారు. కావాలంటే అడిగి చూడండి."

"సార్, ఆవిడ..."

"థరో అంటే?"

"అడుగంటా. గిన్నె తోమితే అడుగంటా తోమాలి, మాడు కనబడకూడదు. అదీ థరో."

"డ్రౌట్?"

"నోరెండిన ఏడు. బౌ అంటే ఊయల కట్టే కొమ్మ. ఈయన చెప్పే అర్థాలకి నాకు నోరు తిరగదు బాబూ, అందుకని నా మాటలు నేనే పెట్టుకున్నాను. విని ఈయన నవ్వారు కూడా."

"ఇక చాలు, ఇంటికి పద."

"ఉండండి, ఇంకా పన్నెండున్నాయి. మీకు పాఠం చెప్పడం రాదనేగా వీళ్ళు మిమ్మల్నిలా కూర్చోబెట్టింది?"

ఆ నమ్మకంతోనే ఆమె మిగతావన్నీ గడగడా అప్పజెప్పింది. ఒక్కో మాటకీ మాస్టారి మెడకి ఉరి ఒక్కో అంగుళం బిగుస్తోంది.

"ఇవన్నీ మీకెందుకు నేర్పారమ్మా?"

"కొత్తగా ఏది రాసినా ముందు నా మీద పెట్టి చూస్తారు. నాకెక్కితే ఎవరికైనా ఎక్కుతుందట. ఇరవయ్యేళ్ళ నించీ ఇదే వరస."

"షెడ్డులో ఎవరికైనా చెప్పారా?"

"చెప్పకుండా ఉంటానా? మాస్టారి పెళ్ళాం వేలిముద్ర అని రోజూ దెప్పుతారు. ఆ రోజు మిషన్లు ఆపి మరీ విన్నారు. మా మేస్త్రమ్మ కూతురైతే కాగితం తెచ్చుకుని రాసుకుంది."

"ముప్పై ఒక్కమందిలో ఆ అమ్మాయి కూడా ఉందమ్మా. అందుకే మిమ్మల్ని రమ్మన్నాను. మిగతావాళ్ళకి పంచింది తనే అయ్యుండాలి."

"దేంట్లో ఉంది?"

"మీ ఆయన్నే అడగండి."

"ఏమండీ. దేంట్లో?"

"నువ్వు బయటికెళ్ళు."

"అవి పరీక్షలో మాటలా? మరి నాతో అనలేదేం? ఆ టైపు పిల్లని పట్టుకెళ్ళింది దీనికేనా? ఆఫీసులో ఏదో దొంగతనం అన్నారు నాతో."

"అన్నాను. ఇంకేమనను? రెండు నెలల్లో రిటైరవుతున్నాను. నిజం చెబితే నేనూ పోతాను, నువ్వూ పోతావు. ఆ పిల్లకి ఇరవై రెండేళ్ళు. బయటికొచ్చాక ఎక్కడో ఒకచోట బతుకుతుంది."

"ఆ పిల్ల మీద ఫిర్యాదు కాగితం రాసిచ్చిందెవరు బాబూ?"

"ఇదుగో. కింద సంతకం చదవగలరా?"

"చదవగలను."

"ఇంటికి పదవే. నా మాట విను."

"నేను చెబితే ఆ పిల్లని వదిలేస్తారా బాబూ?"

"కేసు నిలబడదు. ఆ అమ్మాయి ఉద్యోగం మాత్రం పోయింది, ఇక తిరిగి రాదు. కేసు మీ ఇద్దరి మీదకీ వస్తుంది. ఆలోచించుకోండమ్మా."

"ఆలోచించడానికేముంది, రాసుకోండి. మాటలు బయటపెట్టింది నేను. తెలిసి తెలిసి ఆ పిల్లని స్టేషన్లోకి తోసింది ఈయన, మా ఆయన."