గేటు అవతలి గొంతు

నా పేరు, తండ్రి పేరు, చిరునామా గుమాస్తా గారు పైన రాసుకున్నారు. చదివి వినిపించారు, సరిగానే ఉన్నాయి. నా వయసు ఇరవై ఏడు. పెళ్ళి కాలేదు. అన్నయ్య, వదినలతో ఉంటున్నాను. నగరపాలక కార్యాలయంలో భవనాల ప్లాన్లు పరిశీలించే విభాగంలో ఉద్యోగం. రెండో మెట్లదారి చూపించని ప్లాను ఎవరిదైనా వెనక్కి పంపుతాను. కాంట్రాక్టర్లు నన్ను చాటుగా ‘రెండో మెట్ల మేడం’ అంటారు. ఒకరిద్దరు ఎదురుగానే అన్నారు.

ఎవరి బలవంతం మీదా ఇది చెప్పడం లేదు. మేజిస్ట్రేట్ గారు ఆ సంగతి రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ ఇదే చెప్పాను. వదిన బయట బెంచీ మీద కూర్చుంది.

ఆరేళ్ళ కిందట నేను ప్రభుత్వ ఆడపిల్లల హాస్టల్లో ఉండి ఇంజినీరింగు చదువుకునేదాన్ని. మూడంతస్తుల భవనం. మెట్లు ఒకటే. మెట్ల కింద ఇనుప గేటు. బయటివాళ్ళు తొంగిచూడకుండా దానికి నిలువెత్తు రేకు కొట్టించారు. సాయంత్రం హాజరు అయ్యాక గేటుకు తాళం పడేది. తాళంచెవి వాచ్‌మన్ దగ్గర ఉండేది. ఆయన్ని మేమంతా బాబాయ్ అనేవాళ్ళం.

నా గదిలో ఉండే అమ్మాయిని ‘మానిటర్’ అని పిలిచేవాళ్ళం. ఏ నియమమైనా తు.చ. తప్పకుండా పాటించేది. లైట్లు తీసే గంట కొడితే వాక్యం మధ్యలో ఉన్నా సరే పుస్తకం మూసేసేది. “ఆ ఒక్క లైను పూర్తి చేసుకోవే” అంటే, “రేపటికి ఎక్కడికీ పారిపోదులే” అనేది. నవ్వితే కళ్ళు పూర్తిగా మూసుకుపోయేవి.

ఆ రోజు హాస్టల్లో తనిఖీ జరిగింది. శాఖ నుంచి ముగ్గురు అధికారులు వచ్చారు. మేము వాళ్ళను చూడలేదు, మమ్మల్ని గదుల్లోనే ఉండమన్నారు. పరీక్షలైపోయి చాలామంది ఇళ్ళకు వెళ్ళిపోయారు. పై అంతస్తుల్లో నలుగురమే మిగిలాం.

సుమారు ఏడు గంటలకు కరెంటు పోయింది. మొదటి అంతస్తు వరండాలో మీటర్ల గది నుంచి పొగ వస్తోంది. అప్పటికి పలుచగానే ఉంది. నలుగురం దాన్ని దాటుకుని దిగి గేటు దగ్గరకు వచ్చి రేకు మీద బాదాం. అవతల బాబాయ్ గొంతు వినిపించింది. “తీస్తున్నానమ్మా, జరగండి” అన్నాడు. తాళాల గుత్తి చప్పుడు విన్నాను.

తర్వాత ఇంకో గొంతు వచ్చింది. “ఆగు, తీయకు. చీకట్లో ఆడపిల్లలు రోడ్డు మీద పడితే రేపు ఎవడు సమాధానం చెప్తాడు?”

“తీసేస్తే ఓ పనైపోతుంది కద సార్” అన్నాడు బాబాయ్.

“నేను చెప్తున్నాను కదా. నువ్వెళ్ళి కరెంటు అతన్ని పట్టుకురా.”

తర్వాత ఆ గొంతు మాతో మాట్లాడింది. “కంగారు పడకండమ్మా. ఏం లేదు. వైరు కాలిన పొగ, అంతే. గదుల్లోకి వెళ్ళి తలుపులేసుకోండి. తలుపు కింద తడి తువాలు పెట్టుకోండి. నేను మనిషిని పంపిస్తాను.”

జ్వరంగా ఉన్న పిల్లతో మాట్లాడినట్టు మాట్లాడింది ఆ గొంతు. ఆ సంగతి మళ్ళీ చెప్తున్నాను. జ్వరంగా ఉన్న పిల్లతో మాట్లాడినట్టు.

“పెద్దాయన చెప్తున్నారుగా, పద” అంది మానిటర్. నాకు ఆ చీకటి మెట్లు ఎక్కాలంటే భయం వేసింది. అంతకు మించి నా తెలివితేటలేమీ పనిచేయలేదు. “నేనిక్కడే ఉంటా” అన్నాను, గేటు ఊచలు పట్టుకుని.

“సరే, నీకూ ఒక తువాలు తడిపి ఉంచుతా. వచ్చెయ్” అంది. మిగిలిన ఇద్దరూ దానితో వెళ్ళారు. మానిటర్ నాతో అన్న ఆఖరి మాట అదే.

పొగ చిక్కబడడానికి ఎక్కువసేపు పట్టలేదు. నేల మీద పడుకుని రేకు కింద సందులో ముక్కు పెట్టాను. అవతల ఎవరూ లేరు. బాబాయ్ తిరిగొచ్చి తాళం తీశాడు. నన్ను బయటికి లాగాడు. మెట్లెక్కబోయి పొగలో రెండుసార్లు వెనక్కి పడ్డాడు. పైకి వెళ్ళిన ముగ్గురూ పోయారు.

పొగకు గొంతు కాలి, ఆసుపత్రిలో చాలా వారాలు నాకు మాట రాలేదు. దర్యాప్తు అధికారి వచ్చి, “గేటు దగ్గర ఎవరినైనా చూశావా?” అని అడిగారు. లేదు అని కాగితం మీద రాశాను. రేకు ఉంది, ఎలా చూస్తాను? విన్నావా అని ఆయన అడగలేదు. మాట వచ్చాక వెళ్ళి చెప్పాను. భయంలో ఏవేవో వినిపిస్తాయమ్మా అన్నారు. గేటు తీయొద్దన్నది తనిఖీకి వచ్చినవాళ్ళలో ఒక సార్ అని బాబాయ్ కూడా చెప్పాడు. మొహం పోల్చుకోలేకపోయాడు. తాము సాయంత్రం నాలుగింటికే వెళ్ళిపోయామని ముగ్గురు అధికారులూ రాసిచ్చారు. తాళంచెవి జేబులో పెట్టుకుని పోయాడని కేసు బాబాయ్ మీద పెట్టారు. ఏడాది పైన జైల్లో ఉండి బెయిలు మీద వచ్చాడు. ఆ కేసు ఇంకా నడుస్తోంది.

ఇప్పుడు స్కాలర్‌షిప్ సంగతి చెప్తాను.

విదేశాల్లో పై చదువులకు ప్రభుత్వం ఇచ్చే స్కాలర్‌షిప్‌కు ఈ ఏడాది దరఖాస్తు పెట్టాను. భవనాల్లో అగ్నిప్రమాదాల నివారణ నా విషయం. ఆ విషయంలో ఇచ్చేది ఒక్కరికే. రాతపరీక్ష దాటాను. ఇంటర్వ్యూ మిగిలింది. ఈ చదువే ఎందుకు అని తప్పకుండా అడుగుతారని వదిన అంది. వదిన బడిలో పాఠాలు చెప్తుంది. వంటింటి స్టూలు మీద తను అధ్యక్షురాలిగా కూర్చునేది. అన్నయ్య మెంబరు. ఆవలించడం ఆయన పని. “ఇంటర్వ్యూల్లో ఒకడు ఆవలిస్తాడు, అలవాటు పడాలి” అనేవాడు.

“నువ్వు ఏడవద్దు. వాళ్ళకి ఏడుపు రావాలి” అని వదిన నేర్పింది. ఎన్నిసార్లు చెప్పించిందో నాకు గుర్తు లేదు. చెప్పగా చెప్పగా మానిటర్ కథ నున్నగా అయిపోయింది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో తెలిసిపోయింది. పడుకునేటప్పుడు మానిటర్ వచ్చి నా మంచం పక్కన నిలబడి, ఇంకెన్నిసార్లు చెప్తావే అన్నట్టు ఉండేది. తువాలు సంగతి వదిన తీసేయించింది. “అది చెప్తే నువ్వు ఆగవు, ఏడుస్తావు” అంది. అందుకని తువాలు మాట నా దరఖాస్తులో లేదు. ఇంటర్వ్యూలో కూడా అనలేదు. ఈ ముక్క దయచేసి స్పష్టంగా రాయించండి.

ఇంటర్వ్యూ పోయిన నెలలో, పగలు పదకొండు గంటల ప్రాంతంలో జరిగింది. పొడుగాటి బల్ల, అవతల ఐదుగురు. గదికి తలుపు ఒకటే. నేను ఎక్కడికెళ్ళినా ముందు అది చూస్తాను. మధ్యలో ఒక మేడం కూర్చున్నారు. ఎడమ చివర తెల్లజుట్టు పెద్దమనిషి, మా హాస్టల్ నడిపిన శాఖలో రిటైరైన ఉన్నతాధికారి అని తర్వాత తెలిసింది. ఆయన చాలాసేపు ఏమీ అడగలేదు. నా కాగితాలు కూడా తిప్పలేదు.

ఈ చదువే ఎందుకు అని మేడం అడిగారు. నేర్చుకున్నట్టే చెప్పాను. మెట్లు ఒకటే, గేటుకు తాళం, ముగ్గురు పోయారు, అందులో ఒకరు నా స్నేహితురాలు. అంతవరకే. ముగ్గురు మెంబర్లు ఒకేసారి ప్రశ్నలు వేశారు. నేను ఎవరికి జవాబివ్వాలో తెలియక తడబడ్డాను.

అప్పుడు ఎడమ చివరి పెద్దమనిషి అన్నారు. “కంగారు పడకమ్మా. ఏం లేదు. ఒక్కొక్కటిగా చెప్పు.”

నా చేతులు బల్ల అంచును పట్టుకుని ఉన్నాయి. ఎప్పుడు పట్టుకున్నాయో తెలియదు. ముక్కుకు పొగ వాసన వచ్చింది. గదిలో పొగ లేదు. మేడం మంచినీళ్ళు తెప్పించారు. తర్వాతి ప్రశ్నలకు జవాబులు చెప్పానని అంటున్నారు. బాగా చెప్పానని కూడా అంటున్నారు. నాకు ఒక్కటీ గుర్తు లేదు.

బయటికొచ్చి వరండా చివర నీళ్ళ కుళాయి దగ్గర నిలబడ్డాను. నాదే ఆఖరి ఇంటర్వ్యూ. కాసేపటికి ఆయన వచ్చారు. ఒక్కరే. గ్లాసు తీసుకున్నారు గాని నీళ్ళు పట్టుకోలేదు.

“తడి తువాలు పెట్టుకుందా అమ్మా, ఆ అమ్మాయి?” అని అడిగారు.

నేను అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు చెప్తున్నాను. “పెట్టుకుంది సార్” అన్నాను. “రెండు పెట్టుకుంది. రెండోది నాది.” తలుపు కింద రెండు తువాళ్ళు దొరికాయని మంటలార్పినవాళ్ళు నాకు ఆసుపత్రిలో చెప్పారు.

“మరి?” అన్నారు.

“మా తలుపు పైన వెంటిలేటర్ ఉంది సార్. అద్దం ఎప్పుడో పగిలిపోయింది. పొగ పైనుంచి వస్తుంది. కింద ఎన్ని పెట్టినా ఆగదు.”

“పైనుంచి” అన్నారాయన. మళ్ళీ “పైనుంచి” అన్నారు. ఖాళీ గ్లాసు కుళాయి గట్టు మీద పెట్టి మెల్లగా వెళ్ళిపోయారు. నడవడానికి గోడను ఆనుకున్నారు.

తడిగుడ్డ సంగతి ఎవరికైనా తెలిసేదే కదా, మామూలుగా అడిగి ఉండొచ్చు కదా అని మేజిస్ట్రేట్ గారు ఇప్పుడు అడిగారు. తడిగుడ్డ పనిచేస్తుందా అని ఆయన అడగలేదు. ఆ అమ్మాయి పెట్టుకుందా అని అడిగారు. ఎవరో ఒకరు పెట్టుకోమని చెప్పి ఉంటేనే ఆ ప్రశ్న వస్తుంది.

వారం తర్వాత మేడం గారు ఫోను చేశారు. నేను ఎంపికయ్యానని చెప్పారు. “ఆ చివర కూర్చున్న మా పెద్దాయన మీ కోసం చాలా పట్టుబట్టారమ్మా. నూటికి నూరు వేశారు. ఎప్పుడూ ఎవరికీ అలా వేసినవారు కాదు” అన్నారు. ఆవిడ మంచి మాటగానే చెప్పారు. నేను ఫోను పట్టుకుని వంటింటి గోడకు జారగిలబడి కూర్చున్నాను. ఆ నూరు మార్కులు దేనికో నాకు తెలియదు. క్షమించమనా, నోరు మూసుకోమనా, నిజంగానే బాగా చెప్పాననా. ఆలోచించినకొద్దీ ఒక్కోసారి ఒక్కోలా అనిపిస్తుంది.

ఇంట్లో చెప్పాను. వదిన మొహం తెల్లబోయింది. “విమానం ఎక్కు ముందు. అక్కడ దిగాక రాసి పంపు. నిజం అప్పుడు మాత్రం మారిపోతుందా?” అంది.

అన్నయ్య, “దిగాక రాయదు” అన్నాడు.

“ఎందుకు రాయదు? దాని సంగతి నాకు తెలీదా?”

“ఎవరూ రాయరు. నేనైనా రాయను. అక్కడ చలి, చదువు, పని. ఇవాళ రేపు అనుకుంటాం” అన్నాడు. మర్నాడు పొద్దున వదినే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి, “ఆ బాబాయ్ ఇల్లు ఎక్కడ?” అని అడిగింది.

బాబాయ్ కూతురింట్లో ఉంటున్నాడు. అల్లుడిది ఇస్త్రీ కొట్టు. వాకిట్లో దుప్పట్లు మడతపెడుతూ కనిపించాడు. నన్ను గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది. జరిగింది చెప్పాను. దుప్పటి పక్కన పెట్టకుండానే విన్నాడు.

“గొంతు అట్లాగే మెత్తగా ఉందా అమ్మా?” అని అడిగాడు.

ఉంది అన్నాను.

“నేనే కల్పించుకున్నానేమో అనుకునేవాణ్ణి. అందరూ లేడు లేడు అంటుంటే, ఒక్కోసారి నాకూ నిజంగానే ఎవరూ లేరేమో అనిపించేది. నేనే తాళం తియ్యకుండా పోయానేమో అని” అన్నాడు. తర్వాత దుప్పటి విప్పి, మళ్ళీ మొదటినుంచి మడతపెట్టడం మొదలుపెట్టాడు. కేసు గురించి ఏమీ అడగలేదు. వదిన ఆయన ఎదురుగా కూర్చుని రెండో అంచు పట్టుకుంది. ఉన్నవన్నీ అయ్యేదాకా ఇద్దరూ మడతపెట్టారు.

ఆ మధ్యాహ్నమే నేను ఈ కోర్టుకు వచ్చి అర్జీ ఇచ్చాను.

స్కాలర్‌షిప్ వదులుకుంటున్నావా అని మేజిస్ట్రేట్ గారు అడిగారు. నేను వదులుకోవడం లేదు. రాతపరీక్ష నేను రాసుకున్నదే. కేసు తేలేదాకా సాక్షిగా ఇక్కడే ఉండాలి కాబట్టి ఒక ఏడాది గడువు అడిగాను. మెంబరు మీదే సాక్ష్యం చెప్తున్నాను కాబట్టి ఎంపిక మొత్తం రద్దు కావచ్చని స్కాలర్‌షిప్ ఆఫీసువాళ్ళు నోటిమాటగా చెప్పారు. అయితే కానివ్వండి. వచ్చే ఏడాది మళ్ళీ పెడతాను. అప్పుడు ఈ చదువే ఎందుకు అని అడిగితే తువాలుతో మొదలుపెడతాను.

ఇది మొత్తం నాకు చదివి వినిపించారు. ఒకచోట “సదరు అధికారి గద్దించి ఆదేశించినారు” అని ఉంది. అది నా మాట కాదు. ఆయన గద్దించలేదు. గద్దించి ఉంటే మానిటర్ వెళ్ళేది కాదేమో. “మెత్తగా చెప్పారు” అని దిద్దమని అడిగాను. మేజిస్ట్రేట్ గారు తన కలంతోనే కొట్టేసి దిద్దారు. దిద్దినచోట పక్కన నా పొడి సంతకం ఉంది.

మిగిలినదంతా నేను చెప్పినట్టే ఉంది. విన్నది విన్నట్టు, అన్నది అన్నట్టు చెప్పాను. ఇందులో ఏ మాటనూ నేను వెనక్కి తీసుకోను.

(సంతకం)
సాక్షి

నా ఎదుట చెప్పగా రాయించి, చదివి వినిపించి, ఒక దిద్దుబాటుతో ఒప్పుకున్నాక సంతకం తీసుకున్నాను.

(సంతకం)
మేజిస్ట్రేట్