సముద్రం పెట్టుకుని ఏం చేస్తావు వదినా

కాదు, నాకు తెలీక అడుగుతాను. అన్నేసి నీళ్ళు పెట్టుకుని ఆ సముద్రం ఎవరిని ఉద్ధరించింది వదినా? తాగుదామంటే ఉప్పు. బియ్యం కడుగుదామంటే ఉప్పు. చీర జాడిద్దామా అంటే, ఆరాక అట్టముక్కలా దానంతటది నిలబడుతుంది, లోపల మనిషి లేకపోయినా! విశాఖపట్నంలో ఊరంతా ఆ నీళ్ళకేసి చూస్తూ కూర్చుంటుంది, ఒళ్ళో ఖాళీ బిందె పెట్టుకుని.

ఊఁ ఊఁ అనకు. దూది జారిపోతుంది. పళ్ళ డాక్టరు ఏం చెప్పాడు? పన్ను పీకిన చోట దూది నొక్కిపెట్టి అరగంట నోరు తెరవకూడదన్నాడు. రంగనాయకమ్మ అరగంట మాట్లాడకుండా ఉండడం ఈ నలభై ఏళ్ళలో ఇదే మొదలు. గోడకి ఇటు నేను, అటు నువ్వు. నీ మాట పూర్తయితే నా మాట మొదలెడదామని కాచుకుని కాచుకుని నా జుట్టు నెరిసింది. ఇవాళ్టికి బంగారమ్మ వంతు వచ్చింది. మీ అబ్బాయి ఈశ్వర్ డ్యూటీ దిగి బండి తీసుకుని ఈ తెలీబంధా దాకా రావాలంటే ముప్పావుగంట. అందాకా ఎక్కడికి పోతావు?

విశాఖ పోతావు. అదే కదా నా మంట.

మ్యూచువల్ అట! మీ రైల్వేవాళ్ళ తెలివి మండిపోనూ. ఇక్కడివాడు అక్కడికి, అక్కడివాడు ఇక్కడికి, కాగితం మీద చెరో సంతకం గీకి ఊళ్ళు మార్చేసుకోవడం. పిల్లలు గోళీలు మార్చుకున్నట్టు! మీవాడు వాగన్ షాపులో కూర్చునే విశాఖలో ఎవడో ధనుంజయ్ సాహు అనేవాణ్ణి పట్టాడు. ఈ నేల మనిషే, పదిహేనేళ్ళుగా ఆ ఉప్పులో నానుతున్నాడు, రాయపూర్ వచ్చేస్తానంటున్నాడు. పొద్దున్న ఆర్డరు వచ్చిందని ఈశ్వర్ పేడా మిఠాయి పట్టుకొచ్చాడు. పన్ను నొప్పని నువ్వు తినలేదు. నా నోట్లో పెట్టాడు. అది దిగడానికి రెండు చెంబుల నీళ్ళు తాగాను.

నీ ఆయాసానికి గాలి మార్పు కావాలన్నాడు ఆ ఊపిరితిత్తుల డాక్టరు. సరే, మార్చు. ఎటు మారుస్తావు? మన ఛత్తీస్‌గఢ్ చుట్టూ ఏడు రాష్ట్రాలున్నాయి. ఏడూ చూసొచ్చినదాన్ని, నన్ను ఒక్కమాట అడిగావా? ఏడింట్లో ఒక్కటంటే ఒక్కటి మనిషి ఉండే చోటు కాదు.

ఒడిశా తీసుకో. తిత్లాగఢ్ స్టేషన్లో మంచినీళ్ళకని దిగాను. నా కుడిచెప్పు ప్లాట్‌ఫారానికి కరిగి అంటుకుపోయింది. లాగాను, రాలేదు. రైలు కూత పెట్టింది. చెప్పు వదిలేసి ఎక్కాను. అది ఇప్పటికీ అక్కడే ఉంటుంది, దానిమీద సున్నం కూడా వేసేసి ఉంటారు.

నవ్వకు అన్నానా!

జార్ఖండ్? రాంచీ దగ్గర జలపాతం చూపిస్తామని మా మేనకోడలు రజని లాక్కెళ్ళింది. ఏడువేల మెట్లు దింపింది వదినా. కిందకెళ్ళి చూద్దును కదా, కొండమీంచి నీళ్ళధార, మన వీధి కుళాయంత. దానికన్నా నా ఒంటిమీద చెమటే జోరుగా పడుతోంది. నలుగురు నా పక్కన నిలబడి ఫొటో తీసుకున్నారు, అసలు జలపాతం నేనే అనుకుని.

మధ్యప్రదేశ్‌వాళ్ళని అయితే నేను ఛస్తే క్షమించను. రెండువేల సంవత్సరంలో ఇల్లు విడిపోయినట్టు రాష్ట్రం విడిపోయినప్పుడు అమరకంటక్ కొండ వాళ్ళు ఉంచుకున్నారు. సరే, ఉంచుకున్నవాళ్ళు సరిగా చూసుకోవాలా వద్దా? నర్మద పుట్టిన చోటని ఓ కుండం చూపించారు. ఆ మాత్రం నీళ్ళు మన వాషింగ్ మిషన్లో తిరుగుతాయి. ఉత్తరప్రదేశ్ ఊసు ఎత్తను. పైన ఎక్కడో మనకి ఆనుకుని ఉందన్న సంగతి దానికే తెలీదు. మహారాష్ట్ర, నాగపూర్? నారింజపండ్లు తప్ప ఏముందక్కడ? గాలి పుల్లన, మనుషులు పుల్లన. బండి ఆగింది మూడు నిమిషాలే అనుకో. మనిషి బుద్ధి తెలియడానికి మూడు నిమిషాలు చాలవేటి?

తెలంగాణ అంటావా? రాళ్ళు. రాయి మీద రాయి, దానిమీద ఇంకో రాయి. దేవుడు భూమి కట్టగా మిగిలిన మెటీరియల్ అక్కడ డంపు చేసి, తర్వాత తీసుకెళ్దామని మర్చిపోయాడు. ఆ రాళ్ళకి టికెట్టు పెట్టి చూపిస్తున్నారు.

ఇక మన ఆంధ్రా. మన ఆంధ్రా అంటానే గానీ, మనదేటి? మీ తమ్ముడు, అదే మా ఆయన, చనిపోయిన ఏడాది నేను విశాఖలో మా చెల్లెలు సూరమ్మ ఇంట్లో నెల్లాళ్ళు ఉంటానని వెళ్ళి, తొమ్మిదో రోజుకి తిరిగొచ్చాను. గుర్తుందా? సూరమ్మ కోడలితో పడలేదని నీకు చెప్పాను. అబద్ధం. ఆ పిల్ల బంగారం. పడనిది నాకు ఆ ఊరితో.

టమాటాలు కొనడానికి బజారుకెళ్ళాను. మనం ఇక్కడ రోజూ అడిగినట్టే అడిగాను: "టమాటా ఏం భావం బాబూ?" అని. రేటెంత అని! మనకి భావ్ అంటే రేటే కదా, ఈ నలభై ఏళ్ళుగా మన తెలుగులో అది కలిసిపోయింది, తేడా ఎవడికి తెలుసు? ఆ కుర్రాడు త్రాసు దించేసి నాకేసి చూశాడు. "టమాటాకి భావం నాకు తెలీదు మామ్మా, అది పద్యానికి ఉంటుంది, తెలుగు మేష్టారిని అడగండి" అన్నాడు. బజారు బజారంతా నవ్వింది. నా తెలుగు విని తెలుగువాళ్ళు! పక్కనున్న ఆవిడ పాపం అని దగ్గరకొచ్చి, నెమ్మదిగా హిందీలో మాట్లాడింది నాతో.

అదీ నీ విశాఖ. వెళ్ళి ఉల్లిపాయలకి భావం, వంకాయలకి తాత్పర్యం అడుక్కుంటూ ఉండు.

మళ్ళీ ఊఁ అంటావు. ఇక్కడేముందనా? ఏం లేదిక్కడ? బస్తర్‌లో చిత్రకోట్ జలపాతం లేదా? వానాకాలంలో అక్కడ నిలబడితే, గోదారి లేచి నిలబడి మళ్ళీ కూలబడ్డట్టు ఉంటుంది. ఆ తుంపర రాయపూర్ దాకా వచ్చి నా కళ్ళద్దాల మీద పడింది, ఒట్టు! అడవి లేదా? రాజిం దగ్గర మహానది లేదా? చద్దన్నం తింటే ఇక్కడెవరైనా వెక్కిరించారా? బోరే బాసీ అని పేరెట్టుకుని వాళ్ళూ మనలాగే ఉల్లిపాయ నంజుకుని తింటారు. అదిగో, కిటికీలోంచి చూడు, ఈ తెలీబంధా చెరువు గట్టుకి ఏం పేరు పెట్టుకున్నాం? మెరీన్ డ్రైవ్! సముద్రం ఉన్న ఊళ్ళో ఎవడైనా పెట్టుకుంటాడు ఆ పేరు. లేకుండా పెట్టుకోవడానికి ఎంత గుండె ఉండాలి?

సర్లే. ఎన్ని నిమిషాలైంది? పన్నెండు. ఇంకా పద్దెనిమిది నిమిషాలు నువ్వు తిట్టలేవు. ఇప్పుడే చెప్పేస్తాను, మళ్ళీ ఇంత మంచి ముహూర్తం దొరకదు.

రెండు నెలల కిందట మీ డాబా మీద మనం గుమ్మడి వడియాలు పెట్టామే, ఆ రోజు. నువ్వు స్నానానికెళ్ళావు. నీ ఫోను మోగింది. నేనెత్తాను. ఆ ధనుంజయ్. ఈశ్వర్ ఫోను కలవటం లేదని నీకు చేశాడట. "అమ్మాజీ, ప్రణామ్" అన్నాడు. నువ్వే అనుకున్నాడు. నేను కాదనలేదు.

"సంతకం ఎప్పుడు బాబూ?" అన్నాను. "దస్తఖత్? కల్, అమ్మాజీ, కల్!" అన్నాడు.

కల్. అంటే రేపు కదా? నేను రేపనే అనుకున్నాను. ఇంకా ఒక్కరోజు ఉంది, ఈ ఒక్కరోజులో వీణ్ణి వెనక్కి తిప్పాలి అనుకున్నాను.

అంతే. డాబా మీద నిలబడి రాయపూర్‌ని దులిపేశాను వదినా. నువ్వు చూసిన రాయపూర్ కాదు బాబూ ఇది అన్నాను. పదిహేనేళ్ళయింది నువ్వు పోయి. పొద్దున్న తుడిచిన డాబా మధ్యాహ్నానికి బడిపలకలా నల్లగా ఉంటుంది, వేలితో అ ఆ లు రాయొచ్చన్నాను. భన్‌పురి ఇనుప మిల్లుల పొగగొట్టాలు పగలు ఊరుకుని తెల్లవారుజామున వదులుతాయి, మనం లేచేసరికి దిండు మీద తల ఆనిన చోటే తెల్లగా ఉంటుందన్నాను. టాటీబంధ్ దగ్గర లారీల మధ్యలో పడితే ఇల్లు చేరేసరికి కూర పాచిపోతుందన్నాను. మే నెలలో కుళాయి తిప్పితే చేతులు కాలతాయన్నాను. మా ఆయన భన్‌పురి మిల్లులో చేసి దగ్గి దగ్గి పోయాడన్నాను. నువ్వన్నట్టు మాట్లాడుతూ ఆ ఒక్కటీ చెప్పకూడదు, మీ ఆయన జ్వరంతో కదా పోయింది, కానీ నోట్లోంచి వచ్చేసింది.

బీడీల వల్ల పోయాడని ఊరంతా చెప్పుకున్నాను కదా ఇన్నాళ్ళూ. రోజుకి రెండు కాల్చేవాడు. రెండు బీడీలకి పోయే మనిషా మీ తమ్ముడు?

వింత ఏటంటే వదినా, నేను అబద్ధాలు చెప్దామనే మొదలెట్టాను. నా సంగతి నీకు తెలుసు, చీమని చెప్పమంటే ఏనుగుని చెప్తాను. ఫోను పెట్టేశాక వెతుక్కున్నాను, ఇందులో నేను పెంచింది ఏది అని. ఒక్కటీ దొరకలేదు. డెబ్భై ఏళ్ళలో మొదటిసారి అన్నీ నిజాలే చెప్పాను, అదీ ఒకణ్ణి మోసం చెయ్యడానికి.

వాడేమన్నాడో తెలుసా? అంతా విన్నాడు. హాఁ అమ్మాజీ, హాఁ అమ్మాజీ అన్నాడు. ఆఖరికి, "ఇక్కడ గాలి చాలా బాగుంటుంది అమ్మాజీ. కానీ ఎవరితోనూ మా భాషలో తిట్టుకోలేను" అన్నాడు. నవ్వి పెట్టేశాడు.

భయపడ్డాడులే, పైకి అలా అన్నాడు, సంతకం పెట్టడు అనుకున్నాను. నీకు చెప్పలేదు. రెండు నెలలు హాయిగా ఉన్నాను. నువ్వు సామాను సర్దుతుంటే నేను అటకమీంచి ఇత్తడి బిందెలు అందించాను, మళ్ళీ ఎక్కించేది నేనే కదా అని.

ఇవాళ పొద్దున్న ఈశ్వర్ కాగితాలన్నీ చూపించాడు. ధనుంజయ్ సంతకం కింద తారీఖు చూశాను. పది. వడియాల రోజు పదకొండు, గ్యాస్ బండ వచ్చింది ఆ రోజే, నా దగ్గర చీటీ ఉంది.

కల్ అంటే నిన్న. వాడు నిన్ననే పెట్టేశానన్నాడు! నిన్నకీ రేపటికీ ఒకే ముక్క పెట్టుకున్న భాష ఇదీ ఒక భాషేనా? మన తెలుగులో నిన్న నిన్నే, రేపు రేపే. ఇన్నేళ్ళు ఈ ఊళ్ళో బతికి, హిందీలో పాలవాణ్ణి తిట్టి, హిందీలో బేరాలాడి, చివరికి ఆ ఒక్క ముక్క దగ్గర బోర్లా పడ్డాను. అప్పటికే అయిపోయినదాన్ని ఆపుదామని ఎండలో గంటసేపు గొంతు చించుకున్నాను.

అలా చూడకు. కొట్టాలనుంటే కొట్టు, చేతికి దూది పెట్టలేదుగా.

నీ ఆయాసం సంగతి తెలీక చేశాననుకోకు. తెలిసే చేశాను. పొద్దున్న నువ్వు ముగ్గేస్తూ మధ్యలో ఆగి గోడ పట్టుకుంటావు. నువ్వు లోపలికెళ్ళాక వచ్చి ఆ మిగతా ముగ్గు నేను కలుపుతున్నాను, ఏడాదిగా. నువ్వేసిన చుక్కలు నీకు తెలీవా? తెలిసే ఊరుకున్నావు. నేనూ ఊరుకున్నాను. ఇంకో ఏడాది ఇలాగే కలుపుతూ పోదాం, ఆ ముగ్గు మొత్తం నేనే వేసే రోజు వచ్చినా సరే, నువ్వు మాత్రం గోడ అవతలే ఉండు అనుకున్నాను. అంత చెడ్డదాన్ని.

కళ్ళు తుడుచుకో. పన్ను నొప్పి అనుకుంటాడు కాంపౌండరు.

అదిగో, అనుకున్నదానికన్నా ముందే మీవాడి బండి హారన్. లే. నా భుజం పట్టుకో. మెల్లగా. ఈ పది మెట్లకే ఇంత రొప్పడమేటి నువ్వు? వెళ్ళు. వెళ్ళి ఆ ఉప్పుగాలే పీల్చు, మంచిదేనట, ఆ ఊరు ఇష్టంలేని ధనుంజయ్ కూడా మంచిదనే అన్నాడు.

అక్కడికెళ్ళాక రమ్మని నన్ను పిలుస్తావు, తెలుసు. నేను రాను. ఆ బజారులోకి మళ్ళీ అడుగు పెట్టను. కానీ నువ్వు పిలవడం మానకు వదినా. వారానికోసారి పిలు. రానని చెప్పడానికైనా నాకో మనిషి ఉండొద్దూ?