వాగులో కళ్లజోడు

అమెరికాలోని ఒరెగాన్ అడవిలో, నాగరికతను వదిలేసుకున్న పన్నెండు మంది కాపురముంటున్న చోట, వంట చేసే ఆవిడ గంప మీంచి తలెత్తి, పుట్టగొడుగులు కోసుకొచ్చిన మనిషి ముఖంలోకి చూసింది.

“నీ కళ్లజోడేదయ్యా?”

“వాగులో పారేశాను. అదీ యంత్రమేనని నిన్న సభలో అందరూ చేతులెత్తి వేళ్లు ఆడించి ఒప్పుకున్నారుగా. నువ్వూ ఆడించావు.”

“నా వేళ్లు చలికి వణికాయి. సరే, ఇవి తినేవో కాదో ఎలా చూశావు?”

“చూడలేదు, వాసన పట్టాను. పదివేల ఏళ్ల కిందటి మనిషికి కళ్లజోడుందా?”

“ఆ మనిషి ఎన్నేళ్లు బతికాడో?”

“అదిగో, ఏళ్లు లెక్కపెడుతున్నావు. ఆ జబ్బు వదిలించుకుందామనే కదా ఇక్కడికొచ్చాం.”

“పదివేలన్నది నువ్వే.”

“మాటవరసకన్నాను.”

“అయితే ఉడికాక మొదటి ముక్క నువ్వే తిను.”

“నేను తినకూడదు.”

“ఏం?”

“ఏదైనా తేడా చేస్తే మిమ్మల్నందరినీ ఆస్పత్రికి చేర్చాలి కదా. రోడ్డు పక్క పొదల్లో దాచామే, ఆ వ్యాను నడపడం నాకొక్కడికే వచ్చు.”

ఆవిడ గరిటె కింద పెట్టింది.

“కళ్లజోడు లేకుండానా?”