తాంబూలాల ముందు కోల్ట్రేన్

హలో… నేనేనండీ వదినగారూ, అనిరుధ్ వాళ్ళమ్మని. ఆదివారం తాంబూలాలకి మావైపు అన్నీ—

…ఆపడమా? ఎందుకండీ?

ఫ్లెక్సీయా… పామర్రు సెంటర్లోనా. మీ తమ్ముడుగారు చూశారా. అవును, మావాడిదే. మంగినపూడి బీచ్‌లో కచేరీ. బ్యాంకు పనయ్యాక శాక్సోఫోన్ వాయిస్తాడని పెళ్ళిచూపుల్లోనే చెప్పాం కదా…

'అనిరుధ్ కోల్ట్రేన్'. అవునండీ, అలాగే వేశారు.

మతం మారడమా! మేమా?… నిన్ననే మా మామగారి తద్దినం పెట్టాం. కావాలంటే భోక్తల్ని అడగండి.

లేదు లేదు, మా ఇంటిపేరు ఇప్పటికీ తాడంకే. కోల్ట్రేన్ అన్నది అమెరికాలో ఒక శాక్సోఫోన్ విద్వాంసుడి ఇంటిపేరు. అభిమానం కొద్దీ పెట్టుకున్నాడు… లేరండీ, ఎప్పుడో పోయారు… అబ్బే, మాకు మైల రాదు.

గోత్రమా? ఆయనకి ఉండదు… మావాడిది ఎక్కడికీ పోలేదు. భారద్వాజసే.

తాతల ఇంటిపేరు వదిలేస్తే వంశం ఏమవుతుందంటారా… మీ పుట్టింటివారి ఇంటిపేరేమిటి వదినగారూ?…

ఊఁ… పరవాలేదు, నిదానంగా గుర్తు తెచ్చుకోండి… నాకూ అంతే. పెళ్ళినాడు మనం ఇంటిపేరు మార్చుకుంటే ఎవరూ కంగారుపడలేదు. భోజనాలు పెట్టారు.

అయ్యో, వెటకారం కాదండీ… సరే, సరే. సాయంత్రానికల్లా ఆ పేరు తీయిస్తాను. నా మాట వింటాడు…

ఎవరండీ ఏడుస్తున్నది? హరిచందనా?… ఒక్కసారి ఫోన్ ఇవ్వండి.

ఏమ్మా… ఊఁ… నువ్వా? ఆ పేరు పెట్టింది నువ్వా!… వాడు తాడంకి అనే వేయిస్తానన్నాడా… మరి అమ్మకి చెప్పలేదేం?… భయమా. నేను చెప్పనా?… సరే. కళ్ళు తుడుచుకుని ఫోన్ అమ్మకివ్వు.

వదినగారూ, ఆ పేరు తీయించడం నావల్ల కాదండీ… మాట తప్పడం కాదు. కోడలు ముచ్చటపడి పెట్టిన పేరు అత్తగారు తీసేస్తే నలుగురూ నన్నేమంటారు?…

ఏ కోడలా? మీ పక్కనే నిలబడింది చూడండి. ఆ పిల్లే.

…

అయ్యో, పిల్లమీద కేకలెందుకండీ, నాకు ఒక్కమాట చెప్పండి. ఆదివారం మమ్మల్ని రమ్మంటారా, వద్దా?…

అమ్మాయిని అడిగి చెప్తారా? ఇంతవరకూ అడగలేదన్నమాట… అడగండి. నేను లైన్లోనే ఉంటాను.

…

తొమ్మిదింటికల్లా రమ్మందా?… వస్తామని చెప్పండి. ఉంటానండీ.