వినిపించని స్వరాలను చూసిన పెద్దక్కగారు

1994 జూన్ ఆరవ తేదీ, సోమవారం ఉదయం, సంగీత కీబోర్డులను కంప్యూటరుతో అనుసంధానించే మా సంస్థ పరీక్షా విభాగంలో యువ ఇంజనీరుగా అడుగిడి, నేడు ఆ విభాగాధిపతిగా పదవీ విరమణ చేస్తున్న, విభాగమంతా అక్కగా పిలుచుకునే మా పెద్దక్కగారిని గురించి నాలుగు మాటలు రాసే అవకాశం, చిరకాలం ఆమె పక్క బల్ల వద్ద పనిచేసిన నాకు దక్కింది.

తొలినాళ్ళలో మా గది మెట్ల కింద ఉండేది. పైన ఎవరు నడిచినా మా టీ కప్పులు వణికేవి. కీబోర్డుపై మీట నొక్కగానే, అది ఏ స్వరమో, ఎంత బలంగా నొక్కారో తెలిపే సందేశం తీగ వెంట కంప్యూటరుకు చేరుతుంది. తెరపై వరుసలుగా పరుగెత్తే ఆ సందేశాల్లో ఏది దారితప్పిందో కనిపెట్టడమే ఆమె ఉద్యోగం. అందరూ పాట వింటే, ఆమె పాట చదివేవారు. తెరపై ఒక్క అంకె తేడా వచ్చినా పట్టేసే ఆమెకు ఇంట్లో కాలింగ్ బెల్ మాత్రం వినిపించదని ఆమె భర్త, మా అందరి బావగారు, ఈనాటికీ వాపోతారు.

ఆమె విభాగ బాధ్యతలు చేపట్టిన కొత్తలో, పక్షవాతం నుంచి కోలుకుంటున్న ఒక సంగీతం మాస్టారు భార్యను వెంటబెట్టుకుని, మా కీబోర్డును తిరిగి ఇచ్చేయడానికి వచ్చారు. కుడిచేత్తో ఎంత వాయించినా కంప్యూటరు పలకడం లేదట. వాద్యంలో లోపమేమీ లేదని మేము అప్పటికే తేల్చేశాం.

"ఇంక నా చెయ్యి చచ్చినట్టేనమ్మా. దీన్ని ఎవరైనా పిల్లలకి ఇచ్చెయ్యండి," అన్నారాయన.

"ఒక్కసారి వాయించండి మాస్టారూ. వినిపించకపోయినా ఆపకండి," అంటూ పెద్దక్కగారు తెర ముందు కూర్చున్నారు.

గదిలో చడీచప్పుడూ లేదు. తెరపై మాత్రం స్వరాలు ఒకదాని వెనుక ఒకటిగా వస్తూనే ఉన్నాయి. ఆ సుతిమెత్తని స్పర్శలను పొరపాటున తగిలినవిగా ఎంచి, మా సాఫ్ట్‌వేరే పక్కన పడేస్తోంది.

"మీ చెయ్యి నిక్షేపంగా పలుకుతోంది మాస్టారూ! వినిపించుకోనిది మా సాఫ్ట్‌వేరు," అన్నారామె.

"అయితే ఇన్నాళ్ళూ ఈయన వాయిస్తూనే ఉన్నారా!" అంటూ ఆయన భార్య ముఖం పక్కకు తిప్పుకున్నారు.

సరిదిద్దాలంటే ఆ వారం విడుదల కావలసిన కొత్త సాఫ్ట్‌వేరు ఆగిపోతుందని మేనేజరుగారు ససేమిరా అన్నారు.

"ఆయనొక్కరి కోసమా?"

"ఆయన వచ్చి చెప్పారు కాబట్టి తెలిసింది సార్. చెప్పకుండా వాయించడం మానేసినవాళ్ళు ఎంతమందో!"

ఆమె పట్టు విడవలేదు, విడుదల ఆగింది. సరిచేశాక మాస్టారు మా గదిలోనే కూర్చుని వాయించారు. వేళ్ళు తడబడ్డాయి, అయినా ప్రతి స్వరమూ పలికింది. పాట ముగియగానే ముందుగా లేచి నిలబడినది మేనేజరుగారే.

ఆ తర్వాత ఆమె అందుకున్న గౌరవాలు అందరికీ విదితమే. ఇన్నేళ్ళు ఇతరుల సంగీతాన్ని కనిపెట్టుకుని ఉన్న పెద్దక్కగారు తాను మాత్రం ఏ వాద్యమూ నేర్చుకోలేదు. ఇప్పుడు కూతురి వద్ద మొదలుపెడుతున్నారు. "తప్పు వాయిస్తే నవ్వకూడదు," అని ముందే ఒప్పందమట. బావగారితో, అమ్మాయితో కలిసి ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్ళు వర్ధిల్లుతూ, మా పెద్దక్కగారు తనివితీరా తప్పులు వాయించాలని, ఏ ఒక్కదాన్నీ సరిదిద్దవలసిన పని లేకుండా హాయిగా నవ్వుకోవాలని మా విభాగం పక్షాన మనసారా ఆకాంక్షిస్తున్నాను.