చియాయీ గోడ బద్దలుకొట్టిన బండి

తైవాన్ దేశపు తైనాన్‌లో బ్యానర్ల వీధి మొత్తానికి ఒకటే టీకొట్టు, ఆ కొట్టుకి ఒకటే నోరు. ఆ నోరు జిన్‌ష్వీ బాబాయ్‌ది. ప్రింటర్లు బాగుచేయడం ఆయన వృత్తి. చేసినదాన్ని పదింతలు చెప్పడం ప్రవృత్తి.

ఆ మధ్యాహ్నం ఎదురుగా కూర్చున్న బ్యానర్ల కొట్టు యూహ్వాకి మాత్రం కథలు వినే ఓపిక లేదు. అయిదింటికి సముద్రదేవత పల్లకీ వీధిలోకి వస్తుంది. ముప్పై అడుగుల స్వాగతం బ్యానరేమో ఇంకా మొదలే కాలేదు. ప్రింటర్లో రంగు చిమ్మే హెడ్డుని మోసుకుంటూ అటూ ఇటూ తిరిగే బండి పొద్దున్నుంచి మొండికేసింది. కంపెనీ మనిషి రేపటికిగానీ రాడంటే, ఏదైనా ఉపాయం చెబుతాడని బాబాయ్ దగ్గరికి వచ్చింది. ఇవాళ మాట తప్పితే గుడివాళ్ల పని ఏటేటా పక్కకొట్టుకే. ఆరునూరైనా బ్యానరు కట్టి తీరాలని ఆమె పంతం.

"బండి కదలకపోవడం కూడా ఒక జబ్బేనా అమ్మాయ్?" అని బాబాయ్ బూడిదగుమ్మడి టీ అందుకున్నాడు. చియాయీ ఊళ్లో ఒక కొట్టులో ఇలాగే ఒకటి ఆగితే, కరెంటు తీసి, మూతెత్తి, బండి నడిచే పట్టా పొడవునా వేలితో తడిమి, అడ్డంపడిన కాగితం ముక్క లాగేశాడట. అంతే.

ఇక్కడిదాకా నిజమే అయ్యుండొచ్చు. యూహ్వా గబుక్కున లేచి ఎదురుగా ఉన్న తన కొట్టులోకి నడిచింది. బాబాయ్ గొంతుకి వీధి దాటడం ఒక లెక్కా, అదీ ఆమె వెంటే వచ్చింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

ఆమె కరెంటు తీసేలోపు బాబాయ్ కథలో చియాయీ బండి గోడ బద్దలుకొట్టుకుని రైలుపట్టా ఎక్కేసింది. మూతెత్తేలోపు ఎక్స్‌ప్రెస్‌ని దాటేసి, దారిపొడవునా అనాసతోటల మీద ఎర్ర పువ్వులు అచ్చేసింది. డ్రైవరు చూడలేదా అని టీకొట్టు షూజెన్ అత్త అడిగితే, చూసి చెయ్యి కూడా ఊపాడన్నాడు. అంత పరుగుకి హెడ్డులో రంగు గడ్డకట్టిందట. బాబాయ్ నోటితోనే పీల్చేశాడట. మూడురోజులు నవ్వితే నీలం పళ్లు. నాలుగోరోజు తుమ్మితే పోలీసుస్టేషను గోడ మీద దేవత నిలువెత్తు బొమ్మ పడిందనీ, జనం అగరొత్తులు వెలిగించారనీ చెప్పుకుపోతున్నాడు.

యూహ్వా వేలు పట్టా మీద జానెడు జానెడు పాకుతోంది. చివరి మూలలో ఏదో కరకరలాడింది.

"ఇంతకీ బండి ఎలా ఆగింది?" అంది షూజెన్ అత్త.

"యంత్రాలు బుద్ధిగా ఉండాలని మనమంతా పెట్టే ఆకుపచ్చ చిరుతిళ్ల పొట్లం లేదూ, దాన్ని పట్టా మీద పెట్టాను. చూసి మోకరిల్లింది. అందరూ యంత్రం నెత్తిన పెడతారు, నేను లోపలే పెడతాను. అప్పుడే దాని మనసుకి తగులుతుంది."

వీధి అవతల ప్రింటరు జుయ్యిమంది. పరీక్షగీతలు ఒక్కటీ తెగకుండా పడ్డాక, అసలు బ్యానరు మొదలుపెట్టి యూహ్వా తిరిగొచ్చింది. నలిగిన ఆకుపచ్చ పొట్లం ఒకటి బాబాయ్ టీ పక్కన పెట్టింది.

"మహిమ నిజమే బాబాయ్. ఎక్స్‌ప్రెస్‌ని దాటిన బండినే ఆపింది, నాదొక లెక్కా? పోయిన నెల నా ప్రింటరు బాగుచేసి నువ్వు లోపల పెట్టిందే, పట్టా మీదికి జారింది. ఇంకా గడువు దాటలేదు. తినేసి రా, బ్యానరు కట్టేటప్పుడు నిచ్చెన పట్టుకుందువుగాని."